లేటెక్‌లో పదాల లెక్క: బయటి ఫైళ్లలో ఉన్న పాఠాన్ని ఎలా కలపాలి?

లావణ్య_లెస్టర్ · ఆదివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో మాస్టర్స్ చివరికొచ్చాను. ఇక్కడి తెలుగు ఇళ్లలో అమ్మానాన్నలు తెలుగులో అడిగితే పిల్లలు ఇంగ్లీషులో జవాబివ్వడం మీద నా డిసర్టేషన్. పరిమితి 15,000 పదాలు. దాటితే మార్కులు తీసేస్తారు. గడువు పదహారు రోజులే ఉంది.

దాన్ని లేటెక్‌లో (ఆదేశాలతో పాఠం రాస్తే పీడీఎఫ్ తయారుచేసే పేజీ అమరిక సాఫ్ట్‌వేర్) రాస్తున్నాను. మెయిన్ ఫైల్లో శీర్షిక, సారాంశం మాత్రమే ఉన్నాయి. అయిదు అధ్యాయాలూ వేరే ఫైళ్లు, వాటిని ఇన్‌పుట్ ఆదేశంతో తెచ్చుకుంటున్నాను. తెలుగు అచ్చు కావాలి కాబట్టి జీలేటెక్ (యూనికోడ్ లిపులకి పనికొచ్చే లేటెక్ రకం) వాడుతున్నాను. ఇంటర్వ్యూల నుంచి తీసుకున్న 38 మాటలు (పదాలు కాదు, వాళ్లు అన్న వాక్యాలు) ఒక్కొక్కటీ మామూలు టెక్స్ట్ ఫైల్లో ఉన్నాయి. తెలుగు మూలం ఒక ఫైలు, ఇంగ్లీషు అనువాదం ఇంకో ఫైలు.

లేటెక్ ఫైళ్లలో పదాలు లెక్కపెట్టే టెక్స్‌కౌంట్ నడిపితే 187 పదాలు అంటోంది. నా చేతిలో ఉన్నది అరవై పేజీల పీడీఎఫ్! అసలు లెక్క ఎలా తెలుసుకోవాలో చెప్పండి, ప్లీజ్.

---

నజీర్_హెచ్‌సీయూ · ఆదివారం రాత్రి 10:05

లావణ్య గారూ, కంగారు పడకండి. టెక్స్‌కౌంట్ మీరిచ్చిన ఫైలునే చదువుతుంది, లోపల ఇన్‌పుట్ కనిపించినా మామూలుగా ఆ ఫైల్లోకి వెళ్లదు. 187 అన్నది మీ శీర్షికా సారాంశాల లెక్క.

వెళ్లమని మనం చెప్పాలి. దానికి రెండు దారులున్నాయి. డాష్ ఐఎన్‌సీ అని తగిలిస్తే ప్రతి ఫైలుకీ విడివిడిగా లెక్క చూపించి చివర్లో మొత్తం ఇస్తుంది. డాష్ మెర్జ్ అంటే తెచ్చిన ఫైలుని ఆ చోటే అతికించినట్టు చదువుతుంది. ఏ అధ్యాయం ఎంత పెరిగిందో చూడాలంటే మొదటిది, ఒకే మొత్తం కావాలంటే రెండోది వాడండి. మెయిన్ ఫైలున్న ఫోల్డర్‌లోంచే నడపండి. వేరే చోట నుంచి నడిపితే ఫైళ్లు దొరకలేదని చెప్పి ఉన్నవాటితోనే లెక్క ముగిస్తుంది. ఆ హెచ్చరిక పైకి జరిగిపోతే మనం గమనించం.

---

లావణ్య_లెస్టర్ · ఆదివారం రాత్రి 10:50

నజీర్ గారూ, ధన్యవాదాలు! మెర్జ్‌తో వచ్చింది ఇదీ:

వచనంలో పదాలు 13,412
శీర్షికల్లో పదాలు 146
బయటి పదాలు 811

మొత్తం 14,369. అంటే బయటపడ్డట్టేనా?

---

రామ్మూర్తి_అచ్చుపని · సోమవారం ఉదయం 6:15

అమ్మాయ్, అప్పుడే బయటపడ్డాననుకోకు. ఇరవై ఏళ్లుగా విజయవాడలో పుస్తకాల పేజీలు కడుతున్నాను, అందులో పన్నెండేళ్లు లేటెక్‌తోనే. అంకె వచ్చాక అందులో ఏమున్నాయో విప్పి చూడాలి.

"బయటి పదాలు" అన్నది పుస్తకం బయటివి అనుకుంటారు చాలామంది. బొమ్మల కింది వాక్యాలు, ఫుట్‌నోట్లు అక్కడికి చేరతాయి. మీ దగ్గర ఫుట్‌నోట్లు లెక్కలోకి వస్తాయా రావా అన్నది రూల్స్‌లో చూసుకో.

ఇక నీ 38 మాటలూ ఏ ఆదేశంతో తెస్తున్నావు? నేరుగా ఇన్‌పుటా, నువ్వే రాసుకున్న మాక్రోనా (కొన్ని ఆదేశాలని ఒక్క పేరు కింద కట్టిన సొంత ఆదేశం)? దాని మీదే అంతా ఆధారపడి ఉంది.

---

లావణ్య_లెస్టర్ · సోమవారం ఉదయం 8:20

సొంత మాక్రోనే బాబాయ్ గారూ. "మాట" అని పేరు పెట్టాను. బ్రేసుల్లో క్యూ07 అని ఇస్తే ఏడో తెలుగు ఫైలు, దాని కింద ఇంగ్లీషు ఫైలు రెండూ తెచ్చి, పక్కన మార్జిన్ ఇచ్చి అచ్చు వేస్తుంది.

---

రామ్మూర్తి_అచ్చుపని · సోమవారం ఉదయం 8:45

అనుకున్నాను. టెక్స్‌కౌంట్ పెర్ల్‌లో రాసిన స్క్రిప్టు. అది నీ ఫైలుని చదువుతుందే గాని టెక్ (లేటెక్ వెనక నడిచే ఇంజన్) లాగా మాక్రోని విప్పదు. నీ "మాట" లోపల రెండు ఇన్‌పుట్‌లు ఉన్నాయని దానికి తెలిసే దారి లేదు. 76 ఫైళ్లలో ఒక్కదాన్నీ అది తెరవలేదు.

ఇంకో సంగతి. తెలియని ఆదేశం ఎదురైతే దానికి ఆర్గ్యుమెంట్లు (ఆదేశానికి బ్రేసుల్లో ఇచ్చేవి) లేవనుకుంటుంది. వెనక బ్రేసుల్లో ఉన్నదాన్ని మామూలు వచనం కింద చదివేస్తుంది. అంటే క్యూ07 అన్న ఫైలు పేరే ఒక పదమైపోయింది. అలా 38 పదాలు ఎక్కువ పడ్డాయి. నీ వాళ్లు మాట్లాడిందేమో ఒక్క ముక్కా లెక్కలోకి రాలేదు.

నమ్మకం కుదరకపోతే డాష్ వీ తగిలించి నడుపు. నీ పాఠమంతా రంగుల్లో వస్తుంది. దేన్ని పదంగా లెక్కేసిందో, దేన్ని వదిలేసిందో కళ్లారా చూడొచ్చు. నేను మొత్తం అంకె కంటే ముందు ఆ రంగులే చూస్తాను.

---

లావణ్య_లెస్టర్ · సోమవారం ఉదయం 9:30

చూశాను. క్యూ01, క్యూ02, క్యూ03... అన్నీ వచనం రంగులోనే ఉన్నాయి. కడుపులో తిప్పినట్టయింది. ఆ మాటలే నా డిసర్టేషన్‌కి ప్రాణం.

---

సాగర్_కరీంనగర్ · సోమవారం మధ్యాహ్నం 1:10

అక్కా, నేను గూడ గిట్లనే ఒకసారి ఇరుక్కున్న. పరేషాన్ గాకు, దారున్నది.

ముందుగాల ఫైలు పేర్లను లెక్కల నుంచి తీసెయ్. మెయిన్ ఫైల్ల శాతం గుర్తు పెట్టి, దాని ఎన్క టీసీ, కోలన్, మాక్రో అని రాసి, నీ "మాట" పేరు పెట్టి, దాని ఆర్గ్యుమెంట్‌ను ఇగ్నోర్ చెయ్యమని చెప్పు. లేటెక్‌కు అది ఉత్త కామెంట్ లెక్క కనవడ్తది, టెక్స్‌కౌంట్‌కు ఆర్డర్ లెక్క. గట్లనే అనుబంధం లెక్కల వద్దనుకుంటే దాని ముందట టీసీ ఇగ్నోర్, ఎన్క టీసీ ఎండ్‌ఇగ్నోర్ పెట్టు.

సొంత మాక్రో ఫైల్‌ను తెస్తదని చెప్పెతందుకు ఫైల్‌ఇన్‌క్లూడ్ అని ఇంకో సూచన ఉన్నది. కని నీ మాక్రో ఒక్క పేరు మీద రెండు ఫైళ్లు తెస్తున్నది, తోకలు వేరువేరు. దానికోసం కొట్లాడేకంటే ఆ ఫైళ్లను బయటనే లెక్కవెట్టి కలుపుకో. ఉత్త టెక్స్టే గదా, పదాలు లెక్కవెట్టే డబ్ల్యూసీ కమాండ్ చాలు.

---

ప్రదీప్_డాలస్ · సోమవారం రాత్రి 8:05

విండోస్‌లో డబ్ల్యూసీ ఉండదు కదా, పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసి పెట్టాను. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లన్నీ తెరిచి, నమూనాలు వెతికే ఆర్‌ఈ మాడ్యూల్‌తో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్ అన్న నమూనాకి సరిపడే ముక్కలన్నీ లెక్కపెడుతుంది. ఫైలు ఇక్కడే జత చేశాను, వాడి చూడండి.

---

లావణ్య_లెస్టర్ · మంగళవారం ఉదయం 7:55

ప్రదీప్ గారూ, మీరు శ్రమపడి రాసినందుకు చాలా థ్యాంక్స్. ఇంగ్లీషు ఫైళ్లకి 2,900 దాకా వచ్చింది. తెలుగు ఫైళ్లకి మాత్రం 5,816 అంటోంది! ఒకే మాటకి ఇంగ్లీషు కంటే తెలుగులో రెట్టింపు పదాలు ఎలా ఉంటాయి? అచ్చులో చూస్తే తెలుగే పొట్టిగా ఉంది.

---

సాగర్_కరీంనగర్ · మంగళవారం ఉదయం 9:20

ప్రదీపన్నా, నీ లాజిక్ మంచిగనే ఉన్నది, కని పైథాన్ ఆర్‌ఈకి మన గుణింతాలు అక్షరాలు గావు. ఆ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ అక్షరాలు, అంకెలు, కిందిగీతను మాత్రమే పడ్తది. యూనికోడ్‌ల కొమ్ము, ఎత్వం, దీర్ఘం, పొల్లు, సున్న ఇవన్నీ "మార్క్" అనే వేరే జాతి. అవి ఎదురైన కాడల్లా పదం అయిపోయిందనుకుంటది.

"తెలుగు" అన్న ఒక్క పదం ఇచ్చి చూడుండ్రి. త, ల, గ అని మూడు ముక్కలొస్తయ్. "పుస్తకం" ఇస్తే ప, స, తక. "అమ్మ"ను గూడ ఇడ్వలేదు, అమ అని ఒకటి, మ అని ఒకటి.

రెండు ఉపాయాలున్నయ్. రెజెక్స్ అని వేరే మాడ్యూల్ ఉన్నది, అది ఇన్‌స్టాల్ చేసుకుంటే అదే నమూనా గుణింతాలను గూడ కలుపుకుంటది. లేకుంటే నమూనా గొడవే వద్దు, స్ప్లిట్ పెట్టి ఖాళీ ఉన్న కాడ కోసి లెక్కవెట్టు. డబ్ల్యూసీ చేసేది గూడ అదే. ఖాళీల మధ్యల ఏది ఉన్నా ఒక్క పదం.

---

ప్రదీప్_డాలస్ · మంగళవారం రాత్రి 7:30

సాగర్, నిజంగా ఇది నాకు తెలియదు. ఇన్నేళ్లుగా ఇంగ్లీషు డేటా మీదే పని చేశాను, ఎప్పుడూ తేడా రాలేదు. మన భాష మీద ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు. స్ప్లిట్‌కి మార్చి మళ్లీ జత చేశాను. లావణ్య గారూ, పాతది తీసేసి ఇది వాడండి, సారీ.

---

లావణ్య_లెస్టర్ · మంగళవారం రాత్రి 10:15

కొత్తదానితో తెలుగు 1,926, ఇంగ్లీషు 2,870. ఇవి నమ్మొచ్చా?

---

రామ్మూర్తి_అచ్చుపని · బుధవారం ఉదయం 6:05

ఒక ఫైలు ఇక్కడ ఉన్నదున్నట్టు పెట్టమ్మా, చూద్దాం.

---

లావణ్య_లెస్టర్ · బుధవారం ఉదయం 8:10

క్యూ19 తెలుగు ఫైలు:

% ఇంటర్వ్యూ 7, 14:32
వాడికి అర్థమవుతుంది, మాట్లాడ్డమే రాదు.

మొదటి పంక్తి నా గుర్తు కోసం రాసుకున్నది, అచ్చులో రాదు. ఈ మాట అన్నావిడ అబ్బాయికి తొమ్మిదేళ్లు. వాళ్లమ్మమ్మ ఊరి నుంచి ఫోన్ చేస్తే స్పీకర్ దగ్గర కూర్చుని అంతా వింటాడు, నవ్వుతాడు, జవాబు మాత్రం ఇవ్వడు.

---

రామ్మూర్తి_అచ్చుపని · బుధవారం ఉదయం 8:30

ఆ మొదటి పంక్తే ఎక్కువ పడుతోంది. శాతం గుర్తు తర్వాత ఖాళీ ఉంది కాబట్టి అదొక పదం. ఇంటర్వ్యూ ఒకటి, 7 ఒకటి, సమయం ఒకటి. ఫైలుకి నాలుగు. లేటెక్‌కి అది వ్యాఖ్య అని తెలుసు, ఖాళీల దగ్గర కోసే స్క్రిప్టుకి తెలియదు. 38 ఫైళ్లకీ ఇలాగే ఉంటే 152 తీసెయ్. తెలుగు 1,774, ఇంగ్లీషు 2,718.

రెండు వైపులా ఖాళీ వదిలి డాష్ కొట్టే అలవాటుంటే అదీ ఒక పదం కింద పడుతుంది, చూసుకో.

---

అనువాద_శ్రీవల్లి · బుధవారం మధ్యాహ్నం 3:40

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. పదానికింత అని డబ్బు తీసుకునే అనువాదకురాలిని, కాబట్టి నా పొట్టకూటి లెక్క కూడా ఇదే.

లావణ్యా, నీ క్యూ19 తెలుగులో నాలుగు పదాలు. ఇంగ్లీషులోకి తెస్తే ఆరేడు అవుతుంది. నీ 38 మాటలకీ కలిపి 1,774కి 2,718, అంటే ఒకటిన్నర రెట్లు. మనకి విభక్తులు, కాలం, "లేదు" అన్నీ పదానికే అతుక్కుని ఉంటాయి. "వెళ్లలేకపోయినందుకు" ఒక పదం, ఇంగ్లీషులో దానికి ఏడు పడతాయి. అందుకే ఇంగ్లీషు నుంచి తెలుగులోకి చేసేటప్పుడు మూలం పదాల మీద రేటు మాట్లాడుకుంటాను. తెలుగు పదాల మీద ఒప్పుకుంటే పని అంతే ఉంటుంది, డబ్బు మూడో వంతు పోతుంది.

పైగా మన దగ్గర ఖాళీ ఎక్కడ వదలాలో ఇద్దరు ఒకేలా రాయరు. "చెప్ప లేను" అని ఒకరు, "చెప్పలేను" అని ఒకరు. నీ ఇంటర్వ్యూలు ఇద్దరు ముగ్గురు రాసిపెట్టి ఉంటే ముందు ఆ పద్ధతి ఒకటి చెయ్. తర్వాత మీ డిపార్ట్‌మెంట్‌కి ఈరోజే మెయిల్ పెట్టి ఈ ఒక్క ప్రశ్న అడుగు: మూలం, అనువాదం రెండూ పక్కపక్కనే ఉంటే లెక్కలోకి ఏది వస్తుంది? దానికి జవాబు ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

---

నజీర్_హెచ్‌సీయూ · బుధవారం సాయంత్రం 5:20

శ్రీవల్లి గారి మాటకి తోడు ఇంకొకటి అడగండి. రిఫరెన్సుల జాబితాని టెక్స్‌కౌంట్ మామూలుగా లెక్కలోకి తీసుకోదు, కావాలంటే డాష్ ఐఎన్‌సీబిబ్ అని విడిగా చెప్పాలి. జాబితాకి మినహాయింపు చాలాచోట్ల ఉంటుంది కాబట్టి అది బాగానే ఉంది. కానీ వచనం మధ్యలో సైట్ ఆదేశంతో వచ్చే సైటేషన్లు (ఎవరి రచన నుంచి తీసుకున్నామో చెప్పేవి)? సోర్సులో అది ఒక తాళంచెవి పేరు మాత్రమే. అచ్చులో మాత్రం ఇంటిపేరు, సంవత్సరం వస్తాయి, అంటే కనీసం రెండు పదాలు. టెక్స్‌కౌంట్ వాటిని సున్నా అంటుంది. మీవి ఎన్ని ఉన్నాయి?

---

లావణ్య_లెస్టర్ · బుధవారం సాయంత్రం 6:00

వెతికి చూశాను, 174.

---

నజీర్_హెచ్‌సీయూ · బుధవారం సాయంత్రం 6:10

అయితే రెండేసి చొప్పున 348. టీసీ మాక్రోవర్డ్ అనే సూచన ఉంది, ఆ ఆదేశం వచ్చిన ప్రతిసారీ రెండు పదాలు వేసుకోమని చెప్పొచ్చు. నేను అలాగే పెట్టుకున్నాను.

---

ప్రదీప్_డాలస్ · బుధవారం రాత్రి 8:45

ఇన్ని కలుపుకోవడాలు, తీసివేతలు ఎందుకు? పీడీఎఫ్‌ని పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో విప్పి, అందులో పదాలు లెక్కపెడితే సరిపోదా? మాక్రోలన్నీ అప్పటికే విప్పి ఉంటాయి, బయటి ఫైళ్లూ లోపలే ఉంటాయి, సైటేషన్లూ ఉంటాయి.

---

రామ్మూర్తి_అచ్చుపని · గురువారం ఉదయం 6:20

ప్రదీప్, ఆలోచన మంచిదే, సరిచూసుకోవడానికి నేనూ వాడతాను. కానీ అందులో పేజీ నంబర్లు, ప్రతి పేజీ నెత్తిన వచ్చే అధ్యాయం పేరు, విషయసూచిక, రిఫరెన్సుల జాబితా అన్నీ కలుస్తాయి. పంక్తి చివర హైఫన్‌తో విరిగిన పదం రెండు కావచ్చు. తెలుగైతే మరీ చిక్కు. పీడీఎఫ్‌లో ఉండేది ఫాంటులోని ఆకారాలు. ఒత్తులు, గుణింతాలు తిరిగి పాఠంగా మారేటప్పుడు వరస తప్పుతాయి, మధ్యలో ఖాళీలు కూడా పుడతాయి.

డీటెక్స్ అని పాత పనిముట్టు ఉంది. అది ఇన్‌పుట్, ఇన్‌క్లూడ్ ఫైళ్లలోకి చెప్పకుండానే వెళుతుంది. కానీ అదీ సొంత మాక్రోలని విప్పదు, కాబట్టి లావణ్య ఇబ్బంది అలాగే ఉంటుంది.

నిజంగా విప్పిన పాఠం కావాలంటే లెక్క టెక్ లోపలే జరగాలి. లువాలేటెక్ అనే ఇంకో ఇంజన్‌లో పేరాని పంక్తులుగా విరిచే ముందు మన కోడ్ జొరబడే వీలుంది. రెండు ఖాళీల మధ్య అక్షరాల గుంపులని అక్కడ లెక్కపెట్టొచ్చు. 2020 టెక్‌లైవ్ నుంచి లువాలేటెక్‌లో అక్షరాల ఆకారాలు కుదిర్చే హార్ఫ్‌బజ్ ఉంది కాబట్టి తెలుగు కూడా చక్కగా పడుతుంది. అయితే పదమూడు రోజుల గడువు పెట్టుకుని ఇంజన్ మార్చమని నేను చెప్పను.

---

సాగర్_కరీంనగర్ · గురువారం ఉదయం 10:00

ఇంకో మాట. లేటెక్ నడిచినప్పుడల్లా టెక్స్‌కౌంట్ దానంతట అదే నడిచి, అంకెను మొదటి పేజీల వేసే పద్ధతి నెట్ల కనవడ్తది. రైట్18 అంటరు. దానికి షెల్ ఎస్కేప్ (లేటెక్ లోపలి నుంచి వేరే ప్రోగ్రాములు నడిపే అనుమతి) పూర్తిగ తెరువాలె, మామూలుగ అనుమతి ఉన్న ప్రోగ్రాముల జాబితాల టెక్స్‌కౌంట్ లేదు. నీ సొంత ఫైల్‌కైతే పర్వాలేదు. బయటోళ్లు పంపిన టెంప్లేట్‌ను గట్ల తెరిచి నడపకు. లోపల రాసిన ఏ కమాండైనా నీ మిషన్ల నడుస్తది.

---

లావణ్య_లెస్టర్ · శుక్రవారం మధ్యాహ్నం 12:30

డిపార్ట్‌మెంట్ నుంచి జవాబొచ్చింది. ఫుట్‌నోట్లు, బొమ్మల కింది వాక్యాలు, సైటేషన్లు లెక్కలోకి వస్తాయి. రిఫరెన్సుల జాబితా, అనుబంధం రావు. అనువాదం పక్కనే ఉంటే తెలుగు మూలం రాదు, అనువాదం వస్తుంది.

ఇదీ నా లెక్క. 13,412లో ఫైలు పేర్లు 38 తీసేస్తే 13,374. శీర్షికలు 146, ఫుట్‌నోట్లూ అవీ 811, అంతా 14,331. ఇంగ్లీషు అనువాదాలు 2,718 కలిపితే 17,049. సైటేషన్లు 348 కలిపితే 17,397.

ఆదివారం రాత్రి 14,369 చూసి ఇంకా ఆరు వందలు రాసుకోవచ్చనుకున్నాను. ఇప్పుడు 2,397 తీసెయ్యాలి.

---

అనువాద_శ్రీవల్లి · శుక్రవారం మధ్యాహ్నం 2:15

ఇంకా పన్నెండు రోజులుంది కదమ్మా. ముందు పూర్వ పరిశోధనల అధ్యాయం తగ్గించు. ఇతరులు అన్నదాన్ని కుదించొచ్చు. నీకు వాళ్లు చెప్పిన మాటలు ఇంకెక్కడా దొరకవు. ఒకే సంగతి చెప్పే మాటలు రెండుంటే ఒకటి అనుబంధంలోకి పంపు. అనువాదాల్లో కూడా సాగదీసినవి ఉంటాయి. నాలుగైదు ఇక్కడ పెట్టు, నేను చూస్తాను.

---

రామ్మూర్తి_అచ్చుపని · శుక్రవారం మధ్యాహ్నం 3:00

తీసేటప్పుడు ఫైళ్లు చెరిపెయ్యకు. "మాట" ఆదేశాన్ని అధ్యాయంలోంచి కత్తిరించి అనుబంధంలో అతికించు, అంతే. పాఠం బయటి ఫైళ్లలో ఉండటం వల్ల లాభం అదే. లెక్క స్క్రిప్టు మాత్రం ఫోల్డర్ మొత్తం చదువుతోంది. అనుబంధంలోకి పోయినవి వేరే ఫోల్డర్‌లో పెట్టకపోతే వాటినీ కలిపేస్తుంది.

---

లావణ్య_లెస్టర్ · తర్వాతి గురువారం రాత్రి 11:20

14 మాటలు అనుబంధంలోకి వెళ్లాయి, 1,004 పదాలు తగ్గాయి. రెండో అధ్యాయం నుంచి 1,523 తీశాను. శ్రీవల్లి అక్క చెప్పాక మళ్లీ చదివితే అందులో సగం నేను చదివానని చూపించుకోవడానికే రాసినట్టు కనిపించింది. ఇప్పుడు 14,870. డాష్ వీ పెట్టి ప్రతి అధ్యాయం రంగులతో సహా చూశాను, ఒక్క ఫైలు పేరు కూడా పదంగా పడలేదు. మొదటి పేజీ మీద అదే అంకె వేశాను.

మార్కులకి రాని తెలుగు మూలాలు తీసేస్తే పేజీలు తగ్గుతాయని మా గైడ్ అన్నారు. తియ్యలేదు. క్యూ19 మూడో అధ్యాయం మొదట్లోనే ఉంది, తెలుగు పైన, ఇంగ్లీషు కింద.

---

సాగర్_కరీంనగర్ · శుక్రవారం ఉదయం 7:40

మంచి పని చేసినవ్ అక్కా. ప్రదీపన్న మార్చిన స్క్రిప్టుకు శాతం పంక్తులు వదిలేసే ముక్క గూడ కలిపి మొదటి పోస్టు కింద పెట్టిన. ఎవరికన్న కావాల్నంటే తీస్కోండ్రి. వాడేముందు పది పదాల తెలుగు ఫైల్ ఒకటి చేసి, పదే వస్తున్నయా లేదా చూసుకోండ్రి.